చివరి మగ్గం చీటీ

షోలాపూర్ టవల్ మీద చెయ్యి పెడితే మెత్తగా తగిలేవి చిన్న చిన్న నూలు ఉచ్చులు. వాటిని మేం లూపులు అనే అంటాం. అందుకే కాలేజీలో సార్ బోర్డు మీద "లూప్" అని రాసి, ఇది కొత్త సంగతి, జాగ్రత్తగా వినండి అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా బాపు ఎన్నేళ్ళ నుంచో లూపులే నేస్తుండు గదా అనుకున్నాను.

సార్ చెప్పింది వేరే లూప్. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చెయ్యమని కంప్యూటర్‌కు చెప్పడం. కానీ దగ్గరగా చూస్తే అదీ మగ్గం పనే. టవల్ ఎట్లా పుడుతుందో మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. రెండు పేక పోగులు పడ్డప్పుడు అచ్చు వాటిని పూర్తిగా కొట్టదు, కాస్త ఎడం ఉంచుతుంది. మూడో పోగు పడగానే మూడింటినీ కలిపి గట్టిగా ముందుకు నెడుతుంది. అప్పుడు వదులు పడుగు పైకి లేచి లూపు అవుతుంది. ఇట్లాంటి మూడేసి పోగుల వరుసలు వందల సార్లు తిరిగితే ఒక టవల్. టవళ్ళు అట్లా ఒకటి తర్వాత ఒకటి పడితే బీము ఖాళీ. బీము లోపల టవల్, టవల్ లోపల వరుస, వరుస లోపల పోగు. ఒక తిరుగుడు లోపల ఇంకో తిరుగుడు.

మా అమ్మ బీడీలు చుట్టేది. కట్టకు 25, అట్లా 40 కట్టలైతే వెయ్యి. కట్ట బయటి తిరుగుడు, బీడీ లోపలి తిరుగుడు. ఇట్లా లోపల లోపల తిరిగేదాన్ని కంప్యూటర్ భాషలో నెస్టెడ్ లూప్ అంటారు.

నేను అట్లాంటి లూపును పొట్టిగా చేయబోయి ఒక మనిషి పగార్ పోగొట్టిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. మన ఇళ్ళల్లో ఇప్పుడు పూణెలో, హైదరాబాద్‌లో కంప్యూటర్ పనిచేసే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఇది పనికొస్తుంది. మగ్గం మీద పనిచేసే పెద్దలకు ఇంకా ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

బాపు జాబరుగా ఉన్న టవల్ కార్ఖానాలో 24 మగ్గాలు. దినపాళి, రాత్రిపాళి. ఒక్కో మనిషికి రెండు మగ్గాలు. పాళి దిగేటప్పుడు ఒక్కో మగ్గానికి ఒక చీటీ రాస్తారు: తేదీ, పాళి, మగ్గం నంబరు, ఎన్ని పీసులు. మునీం ఆ చీటీలన్నీ దారానికి గుచ్చి పెట్టుకుని, శనివారం కూర్చొని హప్తా లెక్క కడతాడు. పాపం పొద్దు మునిగేదాకా కూడుతూనే ఉండేవాడు. ఒకరోజు షేట్ బాపును అడిగాడు, "మీ బిడ్డ పూణెల కంప్యూటర్ పని చేస్తది గదా, ఈ లెక్క ఏమన్నా సులువు చేస్తదా" అని. బాపు ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. నా దగ్గరికొచ్చి అడిగాడంటే ఆయనకు ఎంత గొప్పగా అనిపించిందో నాకు తెలుసు.

పైథాన్ అనే భాషలో రాశాను. ఆ భాషలో ఒక నియమం ఉంది. ఒక పని ఇంకో పని లోపల ఉంటే, ఆ వరుసను కాస్త కుడివైపుకు జరిపి రాయాలి. మూడు తిరుగుళ్ళు ఒకదానిలో ఒకటి ఉంటే పేజీ మీద మెట్లు కనబడతాయి. మొదటి పని, వారానికి సరిపడా ఖాళీ పుస్తకం తయారుచేయడం. మన అక్షరాల్లో రాస్తే అది ఇట్లా ఉంటుంది:

ఫర్ రోజు ఇన్ రోజులు:
    ఫర్ పాళి ఇన్ పాళీలు:
        ఫర్ మగ్గం ఇన్ మగ్గాలు:
            పుస్తకం.అపెండ్((రోజు, పాళి, మగ్గం))

"రోజుల్లో ఒక్కో రోజు తీసుకో, ఆ రోజులో ఒక్కో పాళి తీసుకో, ఆ పాళిలో ఒక్కో మగ్గం తీసుకో, పుస్తకంలో ఒక వరుస చేర్చు" అని అర్థం. 6 రోజులు, 2 పాళీలు, 24 మగ్గాలు. 288 వరుసలు. మునీం స్కేలు పెట్టి గీతలు గీసుకునే పని అది, ఒక్క రెప్పపాటులో అయిపోయింది.

రెండో పని చీటీలను పుస్తకంలో ఎక్కించడం. దీనికి కూడా లోపల లోపల తిరుగుడే రాశాను. పాళికి ఒక్కో మగ్గం తీసుకో. ఆ మగ్గం కోసం ఆ పాళి చీటీలన్నీ ఒక్కొక్కటి చూడు. చీటీ మీద నంబరు, మగ్గం నంబరు ఒకటే అయితే పీసులు కలుపు. కాకపోతే తర్వాత చీటీ చూడు. 24 మగ్గాలకు 24 చీటీలు, అంటే ఒక్క పాళికి 576 సార్లు చూడడం. మనిషి అయితే విసుగొచ్చి చచ్చిపోతాడు. కంప్యూటర్‌కు విసుగుండదు.

ఎనిమిది నెలలు ఒక్క రూపాయి తేడా రాలేదు. మునీం నాకు దీపావళికి చివ్‌డా డబ్బా పంపించాడు.

తర్వాత నాకు పోయేకాలం వచ్చింది. ఆఫీసులో నాకంటే చిన్నపిల్ల ఒకామె నా పక్కన కూర్చుని ఆ ప్రోగ్రాం చూసి, "ఇన్ని మెట్లెందుకక్కా, పైథాన్‌లో ఇట్లా ఎవరు రాస్తారు" అంది. ఆమె మాటలో చెడు ఏమీ లేదు. కానీ నాకు సిగ్గేసింది. ఆ శనాదివారాలు కూర్చుని మొత్తం పొట్టిగా చేశాను.

ఆమె చెప్పిందాంట్లో నిజం ఉంది, అది ముందు చెప్పాలి. ఖాళీ పుస్తకం తయారుచేసే మెట్లకు పైథాన్‌లో సిద్ధంగా ఒక పనిముట్టు ఉంది. ఇటర్‌టూల్స్ అనే పెట్టెలో ప్రొడక్ట్ అని ఉంటుంది. మూడు జాబితాలు దాని చేతికిస్తే, ప్రతిదాన్నీ ప్రతిదానితో కలిపి ఒక్కో జత ఇస్తుంది:

ఫర్ రోజు, పాళి, మగ్గం ఇన్ ప్రొడక్ట్(రోజులు, పాళీలు, మగ్గాలు):
    పుస్తకం.అపెండ్((రోజు, పాళి, మగ్గం))

మూడు మెట్లు పోయి ఒక్క మెట్టు మిగిలింది. వరుస కూడా మారదు. కరెంటు మీటరులో కుడి చివర అంకె గబగబా తిరుగుతుంది, అది ఒక చుట్టు అయ్యాక ఎడమ అంకె ఒకటి కదులుతుంది గదా, అట్లాగే ఆఖరున ఇచ్చిన జాబితా ముందు తిరుగుతుంది. సోమవారం దినపాళి ఒకటో మగ్గం, రెండో మగ్గం, 24 దాకా. తర్వాత సోమవారం రాత్రిపాళి ఒకటో మగ్గం. అచ్చం పాత పుస్తకమే.

ఇంకో పద్ధతి, మొత్తాన్ని చదరపు బ్రాకెట్ల మధ్య ఒకే వాక్యంగా రాయడం. అందులో "ఏం కావాలి" అన్నది ముందు వస్తుంది, తిరుగుళ్ళు తర్వాత వస్తాయి. కొత్తవాళ్ళు అక్కడ తికమక పడతారు. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే: మెట్లలో పైనుంచి కిందికి ఏ వరుసలో ఉన్నాయో, వాక్యంలో ఎడమ నుంచి కుడికి అదే వరుస. ఈ పద్ధతికి ఒక లాభం ఉంది. లోపలి జాబితా బయటి దాని మీద ఆధారపడి ఉన్నా పనిచేస్తుంది. దినపాళిలో 24 మగ్గాలు, రాత్రిపాళిలో మనుషులు తక్కువై 16 మగ్గాలే నడిస్తే, "ఈ పాళి మగ్గాలు" అని రాసుకోవచ్చు. ప్రొడక్ట్‌కు అది చేతకాదు. అన్ని జాబితాలూ ముందే తెగిపోయి ఉండాలి దానికి.

పొట్టిగా రాస్తే కంప్యూటర్ పని తగ్గుతుందనుకుంటారు కొందరు. తగ్గదు. 288 వరుసలు 288 వరుసలే. జకార్డు చద్దరు మీద ఒక్కో పేక పోగుకు ఒక్కో చిల్లుల కార్డు ఉంటుంది. కార్డుల దండ రెండు కొసలూ కలిపి కుడితే డిజైను మళ్ళీ మళ్ళీ దానంతట అదే వస్తుంది, కొత్త కార్డులు కొట్టే పని తప్పుతుంది. కానీ పోగు తర్వాత పోగు పడాల్సిందే. పొట్టి రాత వేరు, తక్కువ పని వేరు.

ఇక్కడిదాకా నేను చేసిందంతా బాగానే ఉంది. రెండో పని దగ్గర కాలు జారింది.

చీటీల లెక్కలో కూడా మెట్లున్నాయి గదా, వాటినీ తీసెయ్యాలనుకున్నాను. పాత నెల చీటీలు చూస్తే ప్రతి పాళికీ సరిగ్గా 24 ఉన్నాయి, ఒకటి నుంచి 24 దాకా వరుసగా ఉన్నాయి. అట్లాంటప్పుడు 576 సార్లు వెతకడం దేనికి? మగ్గాల జాబితా ఒక పక్క, చీటీల జాబితా ఒక పక్క పెట్టి, మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో కలిపితే సరిపోదా? దానికి పైథాన్‌లో జిప్ అని ఉంది. పేరుకు తగ్గట్టే. సంచి జిప్పు లాగితే ఈ పక్క పళ్ళు ఆ పక్క పళ్ళతో ఒక్కొక్కటిగా కలుస్తాయి చూడండి, అట్లా కలుపుతుంది.

ఫర్ మగ్గం, చీటీ ఇన్ జిప్(మగ్గాలు, చీటీలు):

ఒక్క వరుస. పాత నెల చీటీలతో నడిపి చూశాను, పైసా తేడా లేదు. 14 వరుసల ప్రోగ్రాం 4 వరుసలైంది. నా అంత తెలివైంది లేదనుకుని కార్ఖానా కంప్యూటర్‌లో పెట్టించాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. మగ్గం ఆగి ఉన్నా మునీం చీటీ రాసేవాడు. బీము మారుస్తున్నారనుకోండి, "మగ్గం 9, పీసులు సున్నా" అని రాసి దారానికి గుచ్చేవాడు. ఆయన చేతి అలవాటు అది. అందుకే ఎప్పుడూ 24 ఉండేవి. శ్రావణంలో మునీం తమ్ముని కొడుకు పెళ్ళికి ఊరికి పోయాడు. రెండు వారాలు ఒక పిల్లగాడు ఆ పని చూశాడు. ఆగిన మగ్గానికి చీటీ ఎందుకని అతను రాయలేదు. అతని తప్పేమీ లేదు, రాయాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

9వ మగ్గం ఆగిన పాళిలో ఏమైందో చూడండి. చీటీలు 23. ఎనిమిది దాకా బాగానే ఉంది. తొమ్మిదో మగ్గానికి పదో మగ్గం చీటీ పడింది. పదికి పదకొండుది పడింది. అట్లా చివరిదాకా జరిగి, 23వ మగ్గానికి 24వ చీటీ పడింది. 24వ మగ్గానికి ఏదీ మిగల్లేదు. జిప్ అప్పుడు కేక వెయ్యదు. రెండు జాబితాల్లో పొట్టిది అయిపోగానే నోరు మూసుకుని ఆగిపోతుంది.

ఇంకా ఘోరం ఏమంటే, మొత్తం సరిపోయింది. 23 చీటీలూ ఎక్కాయి, ఒక్క పీసు కూడా పోలేదు. గోదాములోకి పోయిన టవళ్ళు, లెక్కలో టవళ్ళు ఒకటే. షేట్ మొత్తం చూసుకుని సంతకం పెట్టాడు. కార్ఖానాకు సరిపోయింది, మనిషికి సరిపోలేదు. 9, 10 మగ్గాల ఆయనకు ఒక చీటీ ఎక్కువొచ్చింది. నడిమి వాళ్ళకు అటూ ఇటూ కొన్ని పీసులు తేడా, వాళ్ళకు తెలియనే లేదు. 23, 24 మగ్గాల మీద ఉన్నాయనకు ఒక చీటీ మొత్తానికి పోయింది.

ఆయన మాకు చిన్నాయిన వరుస. బాపు మిల్లులో ఉన్నప్పటి నుంచి కలిసి పనిచేసినవాడు. మిల్లు మూతపడ్డాక ఇద్దరూ ఒకే రోజు పవర్‌లూమ్ పట్టుకున్నారు. ఆ శనివారం నేను ఇంటికొచ్చి ఉన్నాను. రాత్రి అన్నాల వేళ గడప దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"బిడ్డా, నా లెక్కల ఏమన్నా ఎచ్చుతక్కువ అయిందా? నేను గోడ మీద గీతలు గీసుకుంట. నా గీతలకు, నీ కాయితానికి కలుస్తలేదు."

నేను ఆయన గీతలు ఎన్నని అడగలేదు. చీటీలు తెప్పించి చూడలేదు. అన్నం కలుపుకుంటూనే అన్నాను, "కంప్యూటర్ తప్పు చెయ్యదు చిన్నాయినా. గీత ఏదన్నా ఎక్కువ పడ్డదేమో చూసుకోరాదు" అని.

ఆయన "అంతేనేమో బిడ్డా" అని పోయాడు. నేను అన్నం తిన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు కాలుతున్నాయి.

రెండో శనివారం ఆయన రాలేదు. బాపు వచ్చాడు, చేతిలో రెండు వారాల చీటీల దండలు పట్టుకుని. నన్నేమీ అనలేదు. చాప మీద కూర్చుని చాక్‌పీసుతో బండల మీద 24 గళ్ళు గీశాడు. ఒక్కో చీటీ తీసి, నంబరు చూసి, దాని గడిలో పెట్టాడు. 9వ గడి ఖాళీగా మిగిలింది. 24వ గడిలో చీటీ ఉంది. నా కాయితంలో 24 ఖాళీ. నేను వెంటనే ల్యాప్‌టాప్ తీశాను గానీ అప్పటికే అర్థమైపోయింది.

"చీటీ మీద మగ్గం నంబరు ఉన్నది గదనే. దాన్ని చూడకుండ వరుస చూసినవా?"

"ఎప్పుడూ వరుసగనే ఉంటయ్ గదా అనుకున్న బాపూ."

"పడుగు అచ్చుల ఎక్కిస్తున్నప్పుడు ఒక పన్ను తప్పిపోయిందనుకో. ఆ పక్క పోగు ఈ పంట్లకు వస్తది, దాని పక్కది దీంట్లకు. అంచు దాక అన్ని తప్పే. తప్పు ఒక్క కాడ్నే జరుగుతది, అంచు కాడ బయటపడ్తది. అంచు కాడున్నోడు మొత్తుకుంటే, వాని కాడ తప్పు వెతకద్దు. ఎనకకు పోవాలె."

బాపు ఎనిమిదో తరగతి దాటలేదు. నా ప్రోగ్రాంలో ఉన్న తప్పు ఇంత తేటగా నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. మెట్లన్నీ చూడడానికి ఒకటే తీరుగా ఉంటాయి గానీ, లోపలి లూప్ చేసే పని వేరు వేరు. పొట్టిగా చెయ్యబోయే ముందు, అది లోపల ఏం చేస్తుందో అడగాలి.

అందరినీ అందరితో కలుపుతున్నదా? రోజులు, పాళీలు, మగ్గాలు అట్లాంటివి. దానికి ప్రొడక్ట్.

పక్కపక్కన నడుస్తున్న రెండు వరుసలను జత చేస్తున్నదా? దానికి జిప్. కానీ రెండు వరుసలూ నిజంగా జోడీగానే పుట్టాయని మనకు గట్టిగా తెలియాలి. పైథాన్ 3.10 నుంచి జిప్‌కు స్ట్రిక్ట్ అని ఒక కట్టుబాటు పెట్టొచ్చు. ఒక జాబితా పొట్టిదైతే అది ఊరుకోదు, తప్పు అని ఆగిపోతుంది. ఆ ఒక్క మాట రాసి ఉంటే మొదటి శనివారమే ప్రోగ్రాం ఆగేది, చిన్నాయిన గడప దగ్గర నిలబడే పని ఉండేది కాదు.

లేదా లోపలి లూప్ ఏదన్నా వెతుకుతున్నదా? నాది ఆ జాతిది. మగ్గం పట్టుకుని దాని చీటీ వెతుకుతున్నది. వెతికేదాన్ని జత చేసేదాంతో మార్చేశాను, అక్కడే దెబ్బతిన్నాను. వెతికే లూపును పొట్టి చెయ్యడానికి సరైన సాధనం డిక్షనరీ. అది బాపు బండల మీద గీసిన గళ్ళే. రోజు, పాళి, మగ్గం నంబరు మూడూ కలిపి ఒక గడి పేరు. ఒక్కో చీటీ ఒక్కసారే తీసి దాని గడిలో వెయ్యాలి. తర్వాత ఒక్కో మగ్గం గడి ఒక్కసారి తెరిచి చూడాలి. పాళికి 24 వెయ్యడం, 24 తియ్యడం, మొత్తం 48. 576 పోయి 48. ఇక్కడ రాత పొట్టిదవడమే కాదు, పని కూడా నిజంగానే తగ్గింది. 9వ గడి ఖాళీగా ఉంటే అది ఖాళీగానే ఉంటుంది, పక్కవాడిది వచ్చి అందులో పడదు.

తెల్లారి చిన్నాయిన ఇంటికి పోయాను. తప్పు నాదే అని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, చాయ్ పెట్టమని చిన్నమ్మకు చెప్పాడు. నాకు ఇంకొంచెం కష్టమైంది.

షేట్ మంచి మాటే చెప్పాడు, ఎక్కువ పోయినవాళ్ళ దగ్గర వచ్చే హప్తాలో కోసి ఇద్దామన్నాడు. చిన్నాయిన ఒప్పుకోలేదు. "వాళ్ళేమన్న అడిగి తీసుకున్నరా? నెల ఇంట్ల ఖర్చు పెట్టుకున్నరు. రేపు పున్నమికి మార్కండేయ రథం ఉన్నది, పండుగ ముందల ఎవని పగార్ కోయొద్దు" అన్నాడు. బాపు నా మొహం చూశాడు. నేను తలూపాను. ఐదు పాళీల చీటీల పైసలు, నడిమి వాళ్ళకు తక్కువ పడ్డవి కూడా లెక్క తీసి నేనే ఇచ్చాను. చిన్నాయిన తీసుకోనన్నాడు. "రాసింది నువ్వు కాబట్టి తీసుకుంట, లేకుంటే తీసుకోకపోదు" అని ఆఖరుకు తీసుకున్నాడు. తర్వాత ఒక మాట అడిగాడు.

"ఏడ తప్పిందో చూపెట్టు బిడ్డా, చూస్త."

ల్యాప్‌టాప్ తెరిచి చూపించబోతే, అందులో ఏముంది? పొట్టిగా ఉండాలని మగ్గానికి ఒక అక్షరం, చీటీకి ఒక అక్షరం, రోజుకు ఒక అక్షరం ఇంగ్లీషులో పెట్టాను. ఆయన తెలుగు మీడియంలో నాలుగు చదివాడు. ఆ అక్షరాలు చూసి నాకే చెప్పబుద్ధి కాలేదు. వారం ఆగు చిన్నాయినా అన్నాను.

పైథాన్‌లో మూడో వెర్షను నుంచి పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టుకోవచ్చు. ఫర్, ఇన్, ఇఫ్ లాంటి భాష సొంత మాటలు ఇంగ్లీషులోనే ఉండాలి. మిగతావి మన ఇష్టం. ఈ వ్యాసంలో మీకు రాసి చూపించినట్టే మగ్గం, చీటీ, పాళి, పీసులు అని పేర్లు మార్చి, ప్రోగ్రాం మళ్ళీ రాశాను. వరుసలు 4 కాస్తా 9 అయ్యాయి. మరుసటి వారం చూపిస్తే చిన్నాయిన కళ్ళద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషు ముక్కలు వదిలేసి తెలుగు ముక్కలు వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. ఒక దగ్గర వేలు ఆపాడు.

"ఈడ గడిల చీటీ ఏస్తున్నవ్. నడిమిట్ల బీము మారితే పాత బీముకొక చీటీ, కొత్త బీముకొక చీటీ రాస్తరు. ఒక్కటే మగ్గం, ఒక్కటే పాళి. రెండో చీటీ ఏస్తే మొదటిది ఉంటదా, పోతదా?"

పోతుంది. డిక్షనరీలో అదే గడి పేరుతో రెండోసారి పెడితే పాతది చెరిగిపోతుంది. నా పాత మెట్ల ప్రోగ్రాంలో ఈ తప్పు లేదు, దొరికిన చీటీ దొరికినట్టు కలుపుకుంటూ పోయేది. ఆ రెండు వారాల్లో అట్లాంటి చీటీలు రాలేదు కాబట్టి సరిపోయింది. గడిలో "పెట్టు" అన్నచోట "ఉన్నదానికి కలుపు" అని మార్చాను. ఆయన ముందే మార్చాను. ప్రోగ్రాం రాయడం రానివాడు నా ప్రోగ్రాంలో తప్పు పట్టాడంటే, అతనికి చదవడానికి వీలుగా ఉంది కాబట్టే పట్టాడు. 4 వరుసలప్పుడు అది ఎవరికీ వీలుకాలేదు. నాకు కూడా.

ఆఫీసులో ఆ చిన్నపిల్లకు ఇదంతా చెప్పాను. "మెట్లు తీసెయ్యమన్నాను గానీ మగ్గం నంబరు తీసెయ్యమన్నానా అక్కా" అంది. నిజమే.

ఇప్పుడు శనివారం కాయితం కింద ఒక వరుస ఎక్కువ అచ్చవుతుంది: చీటీ రాని మగ్గాలు, తేదీ, పాళి. కాయితం షేట్ గదిలో ఉండదు, చాయ్ బల్ల దగ్గర గోడకు అంటిస్తారు. మునీం ఊరి నుంచి వచ్చాక మళ్ళీ సున్నా చీటీలు రాస్తున్నాడు, ఆ వరుస చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. అయినా చిన్నాయిన ముందు దాన్నే చూస్తాడట, తర్వాత తన పేరు చూసుకుంటాడట. గోడ మీద గీతలు మాత్రం మానలేదు. నేనూ మానమనలేదు.